లారీకి డోర్ నంబరు

మా సంస్థలో బ్రేకు లోపం ఉన్న లారీ ఒక్కటీ లేదు. ఇది నేను గొప్పకు చెబుతున్న మాట కాదు. హెడ్డాఫీసులో అద్దాల బీరువాలో ఉన్న వెండి షీల్డు చెబుతున్న మాట. మాది ప్రభుత్వం వారి భారీ సరుకుల రవాణా సంస్థ. ట్రాన్స్‌ఫార్మర్లు, ఇనప దూలాలు, వంతెన దిమ్మెలు, ఇంకెవరి వల్లా కాని బరువులన్నీ మేమే మోస్తాం. గుండ్లమేడు డిపోలో నేను ఆఫీసు సూపరింటెండెంటుని.

పూర్వం మా దగ్గర కూడా అందరిలాగే జరిగేది. డ్రైవర్లు దారిలో బండి ఆపి, గాలి నిలవడం లేదనీ, బ్రేకు పట్టడం లేదనీ ఫోను చేసేవారు. మెకానిక్కు పానాలు సంచీలో వేసుకుని మోటారు సైకిలు మీద వెళ్లి, రోడ్డు పక్కనే బండి కింద దూరి, బాగుచేసి వచ్చేవాడు. ఒక పద్ధతా పాడా? అప్పుడు మా ఎండీ గారు ఎక్కడో శిక్షణకు వెళ్లి వచ్చి, 'ఏకస్థాన లోప నిర్ధారణ' అనే విధానం ప్రవేశపెట్టారు. వాహనంలో లోపం ఉందో లేదో డిపో లోపలి తనిఖీ షెడ్డులోనే తేలాలి. వాహనం తన చక్రాల మీద తాను వచ్చి పసుపు గీతల మధ్య నిలబడాలి. అక్కడ తేలింది లోపం, తేలనిది వదంతి. వదంతికి స్పేరు పార్టులు ఇవ్వకూడదు, మెకానిక్కు దాన్ని తాకకూడదు.

ఆ ఏడాదే మా డిపోలో బ్రేకు లోపాలు సున్నా అయ్యాయి. బ్రేకు నిజంగా పాడైన బండి షెడ్డు దాకా రాలేదు కదా, వచ్చినవన్నీ బాగున్నవే. షీల్డు ఇచ్చింది అందుకే.

నాగుల్ మీరా ఈ విధానాన్ని మొదటిసారి ఇరకాటంలో పెట్టాడు. పాపం, కావాలని పెట్టలేదు. మా డిపోలో అందరికంటే పాత డ్రైవరు, నెమ్మదస్థుడు. ఆ రోజు తాళ్లమెట్ల అనే ఊరికి ట్రాన్స్‌ఫార్మరు వేసుకుని బయల్దేరాడు. ట్రిప్పు షీటు మీద ముద్ర కోసం డిపోకు వస్తుండగా, సరిగ్గా మా గేటు బయట బండి ఆగిపోయింది. గేటులోంచి చూస్తే తనిఖీ షెడ్డు, అందులో పసుపు గీతలు చక్కగా కనిపిస్తున్నాయి. పిలిస్తే పలికేంత దూరం.

అతని పక్కన క్యాబినులో అంకమ్మ అనే ఆవిడ ఉంది. మా వైపు పొలాల ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే దాని కింద మోటార్లున్న రైతులు వంతులు వేసుకుని వెంట ఉండి కొత్తది తెచ్చుకుంటారు. లేకపోతే అది దారిలో ఇంకో ఊరికి మళ్లిపోతుందని వాళ్ల భయం. ఈసారి వంతు అంకమ్మది. ఆవిడ కౌలుకు తీసుకున్న మిరప చేను కాయ మీద ఉంది. బోరులో నీళ్లున్నాయి, కరెంటు లేదు. చేనంతా ఆ ట్రాన్స్‌ఫార్మరు కోసం చూస్తోంది.

నేనూ అసిస్టెంటు ఇంజనీరు ఫణిభూషణూ గేటు దగ్గరకు వెళ్లాం. లారీలో బజరు గీపెడుతోంది.

"గాలి నిలవట్లా సార్. మీటర్లో రెండు ముళ్లూ కిందికి పడిపోయినయ్. ఎనక చక్రాలు పట్టేసినయ్" అన్నాడు నాగుల్ మీరా.

పెద్ద లారీలకు బ్రేకు గాలితో పనిచేస్తుంది. ఇంజను తిరిగితే గాలి ట్యాంకుల్లో నిండుతుంది. ఎక్కడైనా లీకై గాలి మరీ తగ్గిందంటే, వెనక చక్రాల స్ప్రింగులు వాటంతట అవే బ్రేకును బిగించేస్తాయి. మళ్లీ గాలి నిండితేనే వదులుతాయి. బ్రేకు లేని బండి జనం మీదకు పోకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇది చేసినవాడికి మా విధానం సంగతి తెలియదు.

ఫణిభూషణ్ పని తెలిసిన మనిషి. ఇంజను గట్టిగా తిప్పించి ముళ్ల వంక చూశాడు. అవి కొంత దూరం లేచి అక్కడే ఆగిపోయాయి. ఇంజను ఆపించి చెవి ఒగ్గాడు. ట్యాంకు దగ్గర ఎక్కడో సన్నగా బుస్సుమంటోంది. ముళ్లు మెల్లగా దిగిపోతున్నాయి. పైపు జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే బుడగలు ఎక్కడ పొంగితే అక్కడే లీకని, పది నిమిషాల పని అని, నాకు చెవిలో చెప్పాడు. చెప్పి, గేటులోంచి పసుపు గీతల వంక ఒకసారి చూసి, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకేమీ వినపడలేదు నాగుల్ మీరా. బండి షెడ్డులోకి తీసుకురా, అక్కడ వింటాను" అన్నాడు.

"షెడ్డు దాకా కదిలితే షెడ్డెందుకు సార్, తాళ్లమెట్లకే పోతాగా" అన్నాడు నాగుల్ మీరా.

ఇలాంటి ఎదురు ప్రశ్నల వల్లే డ్రైవర్లకు ప్రమోషన్లు రావు.

విషయం డిపో మేనేజరు కోటంరాజు గారి దగ్గరకు వెళ్లింది. ఆయన విధానం పుస్తకాన్ని కళ్లకద్దుకుని తెరిచే మనిషి. బండిని ఇంకో బండితో లాగిద్దామా అన్నాను. లాగుడు బండి లోపం ఉన్న వాహనాలకే ఇస్తారట. పోనీ ట్రాన్స్‌ఫార్మరును క్రేనుతో వేరే లారీలోకి మార్చి పంపుదామా అన్నాను. సరుకు మార్పిడి కూడా లోపం ఉన్న వాహనానికే వర్తిస్తుందట.

"సదరు వాహనం షెడ్డుకు హాజరు కానంత వరకు సదరు వాహనం నిర్దోషి. నిర్దోషి అయిన వాహనాన్ని నలుగురిలో లాగించుకుపోవడం సంస్థ ప్రతిష్ఠకు భంగకరం" అని కోటంరాజు గారు తేల్చారు.

హెడ్డాఫీసుకు రాస్తే జవాబు తొందరగానే వచ్చింది. ఏ లోపమూ లేని వాహనాన్ని గేటు ముందు నిలిపి ఉంచినందుకు డ్రైవరు మీద తగు చర్య ఎందుకు తీసుకోకూడదో సంజాయిషీ అడగమన్నారు. అడిగాం. బండి అప్పగిస్తే తప్ప డ్యూటీ దిగడానికి లేదు, అప్పగింత షెడ్డులోనే. అందువల్ల నాగుల్ మీరా ఇంటికీ పోలేదు. క్యాబినులోనే పడుకుని, మా క్యాంటీనులోనే తిని, బ్యాటరీ దిగిపోకుండా అప్పుడప్పుడూ ఇంజను తిప్పుతూ కూర్చున్నాడు. అంకమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి లారీ నీడలో కూర్చునేది, సాయంత్రం బస్సుకు వెళ్లేది.

ఆవిడ మా ఆఫీసులో ఎక్కని గుమ్మం లేదు. అందరం కూర్చోబెట్టి గౌరవంగానే మాట్లాడాం. నా బల్ల ముందు నిలబడి ఒకసారి అడిగింది.

"ఆకు ముడుచుకుపోతంది సార్. పండాల్సిన కాయ తాలుకాయ అయిపోతంది. ఇంకో వారం నీళ్లు పెట్టకపోతే చేను దున్నేసుకోటమే. ఆ బండికేమైందో మీ అందరికీ తెలుసంటగా, మరి ఎవురూ చెయ్యి పెట్టరేంది?"

తెలియడం వేరు, తేలడం వేరని ఆవిడకు వివరించాను. ఆవిడ నా వంక చూసిన చూపుకు నాకు చిరాకేసింది. చదువుకోనివాళ్లకు విధానాలు అర్థం కావు. ఆ చిరాకు ఇంటికి వెళ్లాక కూడా తగ్గలేదు, అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే విధానం అని చెప్పాను.

ఇంతలో ఆస్తుల గణన వచ్చింది. సంస్థకు ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో లెక్క తేల్చమని ఎస్టేట్ విభాగానికి ఉత్తర్వులు అందాయి. ఇద్దరు సర్వేయర్లు టేపులు పట్టుకుని గోడలూ గోదాములూ కొలుచుకుంటూ గేటు బయటికి వచ్చారు. లారీ దగ్గర ఆగి, ఇది కదులుతుందా అని నాగుల్ మీరాను అడిగారు. అబద్ధమాడే అలవాటు లేని మనిషి, కదలదన్నాడు. కప్పు ఉందా అన్నారు, ఉంది. తలుపులూ కిటికీలూ ఉన్నాయా అన్నారు, ఉన్నాయి. లోపల ఎవరైనా నివాసం ఉంటున్నారా అన్నారు. ఉంటున్నది తానేనన్నాడు. సర్వేయర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, స్థిరాస్తి, పక్కా భవనం అని నమోదు చేసుకుని, బంపరు మీద తెల్ల రంగుతో అంకె వేసి వెళ్లిపోయారు.

ఎస్టేట్ ఆఫీసరు హైమవతి గారు మర్నాడే వచ్చారు. చాలా చురుకైన ఆఫీసరు. ఆవిడ విభాగానికి ఏళ్ల తరబడి కొత్త భవనమన్నది రాలేదు. లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, తలుపు తీసి వేసి, అద్దాలు తట్టి చూశారు.

"శంకుస్థాపన లేకుండా, కాంట్రాక్టరు లేకుండా, నిర్దేశిత వ్యవధి కంటే ముందుగా పూర్తయిన నిర్మాణం ఇది. దీన్ని మా విభాగం సగర్వంగా స్వాధీనం చేసుకుంటోంది" అన్నారు.

కోటంరాజు గారు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. ఆయన మొహంలో అంత ప్రశాంతత నేను ఎన్నడూ చూడలేదు. ఇక అది లారీ కాదు కనక దానికి బ్రేకు లోపం ఉందన్న వదంతి కూడా పోయింది. డ్రైవరు ఉండడానికి అక్కడ వాహనం లేదు కనక నాగుల్ మీరాను ఆ భవనానికే వాచ్‌మన్‌గా సర్దుబాటు చేశారు. మునిసిపాలిటీ డోర్ నంబరు ఇచ్చింది. క్యాబినులోకి ఎక్కడానికి వికలాంగులకు ఇబ్బంది అని చెక్క ర్యాంపు పెట్టారు. ముందు నాలుగు పూలకుండీలు, పక్కన ఇంకుడు గుంత.

గృహప్రవేశానికి ఎండీ గారే దయచేశారు. స్టీరింగు పక్కన పంపు స్టవ్వు పెట్టి పాలు పొంగించారు. అంతా సవ్యంగా జరుగుతుండగా వాస్తు సిద్ధాంతి లారీ వెనక్కి వెళ్లి తల అడ్డంగా ఊపాడు. ఈశాన్యంలో అంత బరువు ఉంటే యజమానికి అరిష్టమట. ఆ బరువు ట్రాన్స్‌ఫార్మరు. అప్పటిదాకా దూరంగా నిలబడ్డ అంకమ్మ ఆ మాట విని గబగబా జనంలోంచి తోసుకుంటూ వచ్చింది. ఇప్పుడే దించేయండి సార్, మా ఊళ్లో పదిమందిని పిలిపించి ట్రాక్టరు మీద మేమే తీసుకుపోతాం అంది. ఆవిడ గొంతులో ఆశ వినపడింది. నాకు కూడా ఒక్క క్షణం పని అయిపోతుందనిపించింది.

హైమవతి గారు ఒప్పుకోలేదు. భవనానికి బిగించి ఉన్నది భవనంలో అంతర్భాగమని, దాన్ని విడదీయాలంటే కూల్చివేత అనుమతి కావాలని చెప్పారు. అరిష్టానికి విరుగుడుగా సిద్ధాంతి అద్దానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టించాడు.

అంకమ్మ ఆ మిరపకాయల వంక చూసి, "ఈపాటి నిగనిగలాడే కాయ నా చేలో ఒక్కటి లేదు" అంది. ఎండీ గారు ఎవరీవిడ అని అడిగారు. చుట్టుపక్కల ప్రజలు అని కోటంరాజు గారు చెప్పారు.

ఎండీ గారు ప్రసంగానికి లేచారు. మైకుకు కరెంటు కోసం నాగుల్ మీరా ఇంజను తిప్పాడు. ప్రసంగం సాగినంతసేపూ వెనక బుస్సుమన్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఎండీ గారు మధ్యలో ఆగి, ఏమిటా శబ్దం అన్నారు. కోటంరాజు గారు తనకు సంబంధం లేదన్నట్టు ఆకాశం వంక చూశారు. హైమవతి గారు మాత్రం ఆఫీసరంటే ఆఫీసరే. భవనంలో పైపు లీకై ఉంటుంది సార్, లిఖితపూర్వకంగా ఫిర్యాదు వస్తే అదే రోజు మరమ్మతు చేయించడం మా విభాగం నియమం అన్నారు.

భోజనాలు వడ్డించేలోపు ఫిర్యాదు వచ్చింది. 'గేటు బయట ఉన్న కొత్త బిల్డింగులో పైపు కారుతోంది, చుట్టుపక్కల ప్రజలకు ఇబ్బందిగా ఉంది' అని. కింద వేలిముద్ర అంకమ్మది, రాత ఫణిభూషణ్‌ది. ఆ రాత నేను గుర్తుపట్టాను. పట్టి, ఇన్‌వర్డు ముద్ర వేసి పైకి పంపాను.

ప్లంబరు యోహాను ఎస్టేట్ విభాగం మనిషి. అతనికి పసుపు గీతలతో పని లేదు. కుళాయి పైపులకు చేసినట్టే బకెట్లో సబ్బు నురగ చేసి, బిల్డింగు కింద దూరి, ఒక్కో జాయింటుకూ రాసుకుంటూ పోయాడు. ట్యాంకు పక్క జాయింటు దగ్గర బుడగలు గుత్తులుగా పొంగాయి. నట్టు విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషరు చీలిపోయి ఉంది. అతని సంచీలో అలాంటిది లేదు. ఫణిభూషణ్ అక్కడే చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన జేబులోంచి ఒక కొత్త వాషరు జారి నేల మీద పడింది. ఎవరిదో పడిపోయిందే అని ఆయనే అన్నాడు. యోహాను దాన్ని తీసి వేసి నట్టు బిగించాడు. ఇంకొంచెం బిగిస్తే బాగుంటుందేమో, బిల్డింగుల సంగతి నాకు తెలియదనుకో, అన్నాడు ఫణిభూషణ్.

నాగుల్ మీరా ఇంజను తిప్పాడు. ముళ్లు రెండూ లేచి, పాత చోటు దాటి, పైకి వెళ్లి నిలిచాయి. బజరు ఆగిపోయింది. ఇంజను ఆపి బ్రేకు పెడలు గట్టిగా తొక్కిపట్టి చాలాసేపు కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు. ఫణిభూషణ్ కిటికీలోంచి అది చూసి, బిల్డింగు బాగుంది అని, భోజనానికి వెళ్లిపోయాడు. షామియానా కింద అందరూ విస్తళ్ల ముందు ఉన్నారు. మూడో రకం స్వీటు వడ్డిస్తున్నారు.

నేను గేటు దగ్గరే ఉన్నాను. అంకమ్మ డ్రైవరు వంక చూస్తూ నిలబడింది. నాగుల్ మీరా షామియానా వంక చూశాడు, గేటులోంచి షెడ్డు వంక చూశాడు. గేటులోపలికి పోయి పసుపు గీతల మధ్య నిలబడితే అతని తప్పేమీ ఉండదు. కానీ అప్పగింతలు, తనిఖీ, రెండు విభాగాల సంతకాలు అయ్యేసరికి మిరప చేను ఉండదు.

"ఎక్కు చెల్లెమ్మా. ఏమైతే అదయింది" అన్నాడు.

బ్రేకు మీట వదిలితే లారీ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. చెక్క ర్యాంపు పక్కకు పడింది. పూలకుండీలు దాటుకుని, నిమ్మకాయా మిరపకాయలూ ఊగుతూ, డోర్ నంబరు 14-7-3 తాళ్లమెట్ల రోడ్డు పట్టింది. నేను ఎవరినీ పిలవలేదు. గేటు పుస్తకంలో వాహనాలు వెళ్లిన వేళ రాయాలి కానీ, భవనాలు వెళ్లిన వేళ రాయడానికి గడి లేదు.

సాయంత్రానికి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీదకు ఎక్కిందని, ఆ రోజే చేలకు నీళ్లు పారాయని తర్వాత తెలిసింది. అంకమ్మ చేనులో పల్లం వైపు సగం నిలబడింది. మెరక వైపు సగం అప్పటికే పోయింది. ఆ సగాన్ని మేం తినేశామన్న సంగతి హెడ్డాఫీసులో ఎక్కడా నమోదు కాలేదు.

భోజనాలు ముగించి వచ్చిన హైమవతి గారికి ఇంకుడు గుంత మాత్రం కనిపించింది. పోలీసు స్టేషనుకు వెళ్లి భవనం పోయిందని ఫిర్యాదు ఇచ్చారు. ఎస్సై కూలిపోయిందా అని అడిగాడట. లేదండీ, వెళ్లిపోయింది అని చెప్పారట. ఆయన ఆవిడకు మంచినీళ్లు తెప్పించాడు.

మర్నాడు పొద్దున నాగుల్ మీరా ఖాళీ లారీతో తానే వచ్చాడు. గేటు దాటి నేరుగా షెడ్డులోకి పోయి, గీతకు గీత సరిగ్గా పసుపు గీతల మధ్య ఆపి, దిగి చేతులు కట్టుకున్నాడు. ఇన్నాళ్లకు వాహనం హాజరైంది కదా, కోటంరాజు గారు సంతోషంగా తనిఖీకి ఆజ్ఞ ఇచ్చారు. గాలి నిండుగా ఉంది. లీకు ఎక్కడా లేదు. బ్రేకులు దిట్టంగా ఉన్నాయి. వాహనంలో ఏనాడూ ఏ లోపమూ లేదని ఏకస్థానంలో, శాస్త్రీయంగా, తేలిపోయింది.

ఆ తర్వాత విచారణ. రవాణా విభాగం ఒక అభియోగం మోపింది, లోపం లేని వాహనాన్ని అన్నాళ్లు కదపలేదని. ఎస్టేట్ విభాగం ఇంకో అభియోగం మోపింది, పక్కా భవనాన్ని కదిపాడని. రెండూ రుజువయ్యాయి. మీరేమైనా చెప్పుకుంటారా అని అడిగితే, "చెప్పేదేముంది సార్, ఊరికి నీళ్లొచ్చినయ్" అన్నాడట. ఈ జవాబు అభియోగాలకు సంబంధించినది కాదని పక్కన పెట్టారు. స్టీరింగు పట్టకుండా అతని మీద శాశ్వత నిషేధం విధించారు. ఆ ఉత్తర్వు నేనే దగ్గరుండి టైపు చేయించాను. నా సర్వీసులో అంత మంచి డ్రైవరును చూడలేదు. ఆ మాట ఉత్తర్వులో ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

ఉద్యోగం మాత్రం తీయలేదు. తీయడానికి వీల్లేకపోయింది. భవనం పేరు రికార్డుల్లోంచి కొట్టేయాలంటే ముందు దాన్ని కూల్చాలి. కూల్చడానికి అది అక్కడ లేదు. కాబట్టి రికార్డుల్లో ఉంది. రికార్డుల్లో భవనం ఉన్నంతకాలం దానికి వాచ్‌మన్ ఉండాలి. ఆ పోస్టులో ఉన్నది నాగుల్ మీరానే. ఆ ఏడాది కూడా షీల్డు మాకే వచ్చింది.

ఇప్పుడు అతను గేటు బయట ఇంకుడు గుంత పక్కన ప్లాస్టిక్కు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎదురుగా రోడ్డు, చుట్టూ ఖాళీ నేల. లారీలు వస్తూ పోతూ ఉంటే చప్పుడును బట్టి ఏ బండికి గాలి తగ్గిందో అతనికి తెలిసిపోతుంది. ఎవరికీ చెప్పడు.

మొన్న మిట్టమధ్యాహ్నం అంకమ్మ మిరప టిక్కీ బస్తాలు మార్కెట్లో దించి, అటునుంచి అటే వచ్చింది. ఖాళీ నేల మధ్యలో కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి, కాస్త ఎడంగా ఆగిపోయింది. ఇక్కడ దేనికి కాపలా కాస్తన్నావన్నా అని అడిగింది. బిల్డింగుకు అని చెప్పాడు. ఆవిడ చుట్టూ ఒకసారి చూసింది. ఎండకు కళ్లు చికిలించి, కొంగుతో మొహం తుడుచుకుంది. నేను గేటు లోపల నిలబడి చూస్తున్నాను.

నాగుల్ మీరా లేచి, కుర్చీ కొంచెం పక్కకు జరిపి, చోటిచ్చాడు.

"లోపలికి రా చెల్లెమ్మా, ఎండలో నిలబడ్డావేంది" అన్నాడు.

అంకమ్మ చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.